వీపీ16, వీహెచ్ఎస్, పీపీ71: కణాన్ని లొంగదీయడానికి హెర్పిస్ వైరస్‌కి ఏది మేలు?

హెర్పిస్ వైరస్ కణంలోకి ఉత్త డీఎన్‌ఏతో రాదు. డీఎన్‌ఏని దాచిన క్యాప్సిడ్ అనే ప్రొటీన్ డొల్లకీ బయటి కొవ్వు పొరకీ మధ్య టెగ్యుమెంట్ అనే ప్రొటీన్ల పొర ఉంటుంది. నిర్మాణ ప్రొటీన్లు అనగానే గోడలో ఇటుకలు గుర్తొస్తాయి. కానీ వీటిలో కొన్ని, వైరస్ జన్యువు ఒక్కటి కూడా పని మొదలుపెట్టకముందే కణం పనిలో జోక్యం చేసుకుంటాయి. అలాంటివి మూడు చూద్దాం. మొదటి రెండూ హెర్పిస్ సింప్లెక్స్‌వి, మూడోది అదే కుటుంబంలోని సైటోమెగలోవైరస్‌ది.

వీపీ16 స్విచ్ వేసే రకం. తనంతట తాను డీఎన్‌ఏని గట్టిగా పట్టుకోలేదు. అందుకే కణంలోనే ఉండే హెచ్‌సీఎఫ్-1 అనే ప్రొటీన్‌తో జత కట్టి కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ ఆక్ట్-1 అనే ఇంకో కణ ప్రొటీన్ వైరస్ డీఎన్‌ఏ మీద సరైన చోట కూర్చుంటుంది. ముగ్గురూ కలిశాక, వీపీ16 తోకలోని సుమారు 80 అమైనో ఆమ్లాల ముక్క ట్రాన్స్‌క్రిప్షన్ యంత్రాంగాన్ని, అంటే జన్యువుని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే ప్రొటీన్లని, అక్కడికి లాక్కొస్తుంది. దాంతో ఐసీపీ0, ఐసీపీ4 లాంటి వైరస్ తొలి జన్యువులు మేలుకుంటాయి. ఆ తోక బలం ఎంతంటే, 1988లో దాన్ని ఈస్ట్‌లోని గాల్4 ప్రొటీన్‌కి అతికించి చూస్తే కోరుకున్న జన్యువు గట్టిగా పనిచేసింది. కోరుకున్న జన్యువుని మేల్కొలిపే ఇప్పటి క్రిస్పర్ ప్రయోగాల్లో వాడే వీపీ64 కూడా అందులోని చిన్న భాగాన్ని నాలుగుసార్లు వరుసగా పేర్చి చేసిందే.

వీహెచ్ఎస్ దారి వేరు. ప్రొటీన్ల తయారీకి సూచనలు మోసే కణం ఎంఆర్‌ఎన్‌ఏని అది కోసేస్తుంది. యాక్టినోమైసిన్ డి అనే మందు ఇచ్చి కొత్త ఆర్‌ఎన్‌ఏ ఏదీ తయారవకుండా ఆపినా, వైరస్ సోకిన కణంలో ప్రొటీన్ల తయారీ పడిపోతుంది. అంటే కోసే కత్తి వైరస్‌తోపాటే వచ్చిందన్నమాట! చిక్కేమిటంటే, అది వైరస్ సొంత ఎంఆర్‌ఎన్‌ఏని కూడా వదలదు. తర్వాత కొత్తగా తయారైన వీపీ16 వచ్చి దాన్ని పట్టుకుని అదుపు చేస్తుంది. వీహెచ్ఎస్ లేని వైరస్ ల్యాబ్‌లో పెంచే కణాల్లో బాగానే పెరుగుతుంది, ఎలుకల్లో మాత్రం బాగా బలహీనపడుతుంది. రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరిగేచోటే దాని విలువ తెలుస్తుంది.

పీపీ71 తాళం తీసే రకం. బయటి డీఎన్‌ఏ లోపలికి రాగానే కణంలోని డాక్స్, ఏటీఆర్ఎక్స్ అనే ప్రొటీన్లు దాన్ని నొక్కిపెడతాయి. పీపీ71 ముందు ఏటీఆర్ఎక్స్‌ని తప్పించి, తర్వాత డాక్స్‌ని, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియాసోమ్‌లో నాశనం చేయిస్తుంది. అప్పుడే వైరస్ తొలి జన్యువుల్లో ఒకటైన ఐఈ1కి దారి దొరుకుతుంది.

ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను వీపీ16నే ఎంచుకుంటాను. పీపీ71 అడ్డు తొలగిస్తుంది, వీహెచ్ఎస్ పోటీ తగ్గిస్తుంది, మొదటి తోపు ఇచ్చేది మాత్రం వీపీ16. అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. జన్యువులను మేల్కొలిపే శక్తి పోయిన వీపీ16 ఉన్న వైరస్ కొద్దిగా సోకితే దాదాపు ఏమీ చేయలేదు, కానీ పెద్ద మోతాదులో సోకితే మామూలుగానే పెరుగుతుంది. కాబట్టి గుంపుగా వచ్చినప్పుడు ఈ స్విచ్ అంత అవసరం కాదు. ఒంటరిగా వచ్చిన వైరస్‌కి అదే ప్రాణం.

నన్ను బాగా ఆలోచింపజేసేది నాడీకణం. ఇంద్రియ నాడీకణాల్లో హెచ్‌సీఎఫ్-1 కేంద్రకం బయటే ఉండిపోతుంది. పైగా వైరస్ ఆక్సాన్ అనే నాడీకణపు పొడవాటి తోక దాటి రావాలి. వీపీ16 పని జరగక డీఎన్‌ఏ నిద్రలోకి జారుకుంటుంది. పీపీ71దీ ఇలాంటి కథే, ఇంకా పూర్తిగా ఎదగని రక్తకణాల్లో అది కేంద్రకంలోకి చేరదు. ఇలా నిద్రపోయే వైరస్‌ని హెర్పిస్‌కి వాడే ఎసైక్లోవిర్ తాకలేదు, ఎందుకంటే ఆ మందు ఆపేది డీఎన్‌ఏ కాపీ అవడాన్ని. వైరస్ నిద్రపోతున్న కణంలో టెగ్యుమెంటే ఉండదు కదా, మరి మళ్లీ స్విచ్ వేసేదెవరు? ఎలుకల నాడీకణాల్లో చేసిన ప్రయోగాల్లో, వైరస్ మేల్కొనాలంటే వీపీ16 అక్కడే కొత్తగా తయారవాల్సి వచ్చింది.