లక్నవరంలో మొదటి రాత్రి: కాటేజీనా, అద్దె టెంటా, సొంత టెంటా?

మేడారం జాతరకు పోయే కుటుంబాలకు గుడారం కొత్త కాదు. నాలుగు గుంజలు, ఒక టార్పాలిన్ పట్టా, మూడు రాళ్ల పొయ్యి ఉంటే మూడు రోజులు గడిచిపోతాయి. అయితే జాతరలో చుట్టూ జనం ఉంటారు, బండిలో ఎంత సామానైనా పడుతుంది. ఇద్దరే బైకు మీద వెళ్లి చెరువు పక్కన పడుకోవాలంటే లెక్క వేరు. వరంగల్‌ నుంచి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న లక్నవరం చెరువునే ఉదాహరణగా తీసుకుంటే, కొత్తవాళ్లకు మా ఓటు సొంత టెంటుకే. అదీ మనుషుల అలికిడి, బాత్రూములు ఉన్నచోట, అడిగి వేసుకునే టెంటుకు.

చంటిపిల్లలో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లో వెంట ఉంటే మాత్రం పర్యాటక శాఖ కాటేజీ తీసుకోండి. మంచం, ఫ్యాను, పక్కనే బాత్రూము ఉంటాయి. శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి.

అద్దె టెంటు మంచిదే, కానీ నాలుగు సంగతులు అడిగాకే డబ్బు కట్టాలి. టెంటు మీద వేరే కవరు ఉందా? కింద పరిచేది పరుపా, ఉత్త చాపా? బాత్రూము ఎంత దూరం? సౌండ్ బాక్సులు రాత్రి ఎన్నింటికి ఆపుతారు? ఒంటి పొర టెంటయితే తెల్లారేసరికి లోపల చినుకులు రాలినట్టు ఉంటుంది. ఇద్దరు మనుషుల ఊపిరి, చెమటల నుంచి రాత్రికి అర లీటరు దాకా తేమ వస్తుంది. బయట మంచుకు చల్లబడ్డ గుడ్డకు అది తగిలి నీరవుతుంది. టెంటు కారుతోందని చాలామంది అనుకునేది దీన్నే.

సొంతంగా కొనేటప్పుడు రెండు పొరల డోమ్ టెంటే తీసుకోండి. లోపలిది జాలీ గుడ్డ, బయటిది వాన కవరు. రెండింటి మధ్య నాలుగు వేళ్లు దూరేంత సందు ఉండాలి. కవరు వదులై జాలీకి తగిలిందంటే రెండు పొరలున్నా ఒకటే. పడుకునే ముందు తాళ్లు మళ్లీ బిగించాలి, ఎందుకంటే నైలాన్ కవరు గుడ్డ రాత్రి తేమకు సాగుతుంది. చలి అని గాలి కిటికీలు మూయొద్దు.

ఇద్దరికి ముగ్గురి టెంటు కొనండి. ఇద్దరి టెంటు వెడల్పు సాధారణంగా 130, 140 సెంటీమీటర్లే. 60 సెంటీమీటర్ల చాపలు రెండు పరిస్తే బ్యాగులకు చోటుండదు, గోడకు ఆనుకున్న దుప్పటి తడుస్తుంది. విసిరితే తెరుచుకునే పాప్-అప్ టెంటు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, మడిస్తే పెద్ద చక్రమంత అవుతుంది. బైకు మీద కట్టడం కష్టం.

టెంటుతో వచ్చే సన్నటి మేకులను నమ్ముకోవద్దు. చలికాలానికి మన ఎర్రమట్టి గట్టిపడి, గులకరాళ్లతో కలిసి ఇటుకలా ఉంటుంది. సన్న మేకు రెండో దెబ్బకే వంగిపోతుంది. ఇనుప సామాన్ల కొట్టులో 8 ఎంఎం సలాకను పది అంగుళాల ముక్కలుగా కోయించి, ఒక కొస వంచించుకుంటే ఏళ్లకేళ్లు పనికొస్తాయి. మేకు తల టెంటుకు అవతలి వైపు వాలేలా దిగగొట్టాలి. టెంటును నిలబెట్టే ఫైబర్ రాడ్లు విరిగేది దాదాపు ఎప్పుడూ అతుకు దగ్గరే. ముక్క పూర్తిగా దూరకుండానే వంచితే అంచు చీలుతుంది. బిగించేటప్పుడు ప్రతి అతుకునూ వేలితో తడిమి చూడండి.

కింద పరిచే పట్టా టెంటు అడుగు కంటే అన్ని వైపులా రెండు అంగుళాలు చిన్నగా ఉండాలి. బయటికి వచ్చిందా, కవరు మీది నీళ్లన్నీ దాని మీదుగా టెంటు కిందికి చేరతాయి. దాని మీద 10 ఎంఎం ఫోమ్ చాప తప్పనిసరి. చలి ఎక్కువగా ఎక్కేది నేలలోంచే, పైన రెండు రగ్గులు కప్పినా ఆగదు. కింద చాప ఉంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామూలు రగ్గు, మంకీ క్యాపు చాలు. ఖరీదైన స్లీపింగ్ బ్యాగు మొదట్లో అక్కర్లేదు. మార్చి దాటితే ఎండ ఎక్కగానే టెంటు పొయ్యి అవుతుంది.

నీటి అంచున కాకుండా కాస్త ఎత్తులో వేయండి, పల్లంలో చల్లగాలి, దోమలు ఎక్కువ. ఎండిన వాగులో, ఎండు కొమ్మల కింద అసలే వద్దు. కుంపటి గానీ గ్యాస్ స్టవ్వు గానీ టెంటులోకి తేవొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

తాడ్వాయి అడవిలో టెంటు వేద్దామని కొందరు ఉబలాటపడతారు. అది ఏటూరునాగారం అభయారణ్యం. పాకాల అభయారణ్యానిదీ అదే సంగతి. అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి ఉండకూడదు, నిప్పు రాజేయకూడదు.

ఇంటికి రాగానే టెంటును ఒక పూట నీడలో ఆరేయండి. తడిమీద మడిచి అటక మీద పెడితే వారంలో బూజు పడుతుంది, ఆ వాసన మళ్లీ పోదు. కవరు కుట్ల దగ్గర అతికించిన పట్టీ లేస్తోందేమో కూడా అప్పుడే చూసుకోండి, నీళ్లు మొదట దిగేది అక్కడే.