పాత పికప్ అతుకులకు ఏ సీలర్?
పాత పికప్ ట్రక్కు రేకుల అతుకుల్లోకి నీరు దిగకుండా పట్టించే సీలర్లలో ఒకే ట్యూబులో వచ్చే పాలీయురేథేన్, రెండు భాగాలు కలిసి గట్టిపడే ఎపాక్సీ ప్రధానమైనవి. పాలీయురేథేన్ గాలిలోని తేమతో గట్టిపడినా రబ్బరులా సాగే గుణాన్ని నిలుపుకుంటుంది కనుక, గతుకుల మీద ఛాసిస్‌తో పాటు మెలితిరిగే క్యాబిన్ అడుగు అతుకులకు నేను దానినే నమ్ముతాను. గ్లవుజు వేలితో ఒకే ఊపున లాగితే అది సందులోకి దిగి, అంచులు పలుచగా రేకులో కలిసిపోతాయి. అయితే దానిని సాండ్‌పేపర్‌తో రుద్దితే చదునవదు, పీచులుగా చిరుగుతుంది. ఎపాక్సీ కుంచించుకుపోదు, సాండ్‌పేపర్‌తో రుద్దితే చక్కగా చదునవుతుంది. కాబట్టి కంటికి కనిపించే, పెద్దగా కదలని అతుకులకు అదే తగినది. సిలికాన్‌ను మాత్రం దరిచేరనీయకూడదు, దానిపై పెయింటు అంటదు. ఏది ఎంచుకున్నా, తుప్పు పూర్తిగా తొలగించి, ఎపాక్సీ ప్రైమర్ (రేకుపై వేసే తొలి పూత) పూసి, అది ఆరిన తరువాతనే సీలర్ పట్టించాలి.