అనంతపురంలో ఆరు నెలల కొరియన్ క్లాసు: కట్టదగింది మూడు నెలల ఫీజే

టవర్ క్లాక్ నుంచి నడిచిపోయేంత దూరం. కింద జిరాక్స్ అంగడి, పైన మిద్దె మీద రెండు గదులు. వారానికి ఐదు రోజులు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా క్లాసు. ఆరు నెలలకు 12,000 రూపాయలు. బ్యాచ్‌లో 30 మంది దాకా ఉంటారు. సగం మంది డిగ్రీ పిల్లలు, మిగతావాళ్ళు పెనుకొండ పక్క ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీనీ దానికి విడిభాగాలు ఇచ్చే కంపెనీలనూ నమ్ముకొని వచ్చినవాళ్ళు. కరపత్రంలో మూడు హామీలున్నాయి: టోపిక్ (కొరియన్ భాష పరీక్ష) రెండో లెవల్, కొరియా సంస్కృతి-రాజకీయాలు, ఉద్యోగం. మొదటిది సగం నిజం. రెండోది పేరుకే. మూడోదాని సంగతి తర్వాత.

లిపి చెప్పే తీరుకు మాత్రం వంక పెట్టలేం. కొరియన్ లిపి హంగుల్‌ను సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించాడు. మూల హల్లులు 14, అచ్చులు 10, జంటలు కలుపుకుంటే మొత్తం 40. వీటిని బట్టీ పెట్టించకుండా బోర్డు మీద నోటి బొమ్మ గీసి చెప్తారు. కొక్కెంలా వంగిన క గీత, నాలుక వెనకభాగం లేచి అంగిలిని తాకే ఆకారం. న దాన్ని తిరగేసినట్టుంటుంది, నాలుక కొస పైపళ్ళ వెనక ఆనే ఆకారం. మ అంటే మూసిన నోరు, చదరం. క లోపల ఇంకో అడ్డగీత వేస్తే ఖ. మనం ద కింద గీత పెట్టి ధ చేసినట్టే. అక్షరాలను ఒకే గడిలో పైనా కిందా పేర్చడం కూడా గుణింతాలు, వత్తులు రాసిన చేతికి కొత్త కాదు. శ్రద్ధగా వస్తే పదిరోజుల్లో ఎవరికైనా చదవడం వస్తుంది.

రెండో వారం నుంచి పని చెడుతుంది. త్వరగా ముందుకు పోవాలని ప్రతి మాటా బోర్డు మీద తెలుగు లిపిలో రాస్తారు, పిల్లలు అదే నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. కొరియన్‌లో 'అక్కడ' అనే మాటా 'మాంసం' అనే మాటా తెలుగులో రాస్తే రెండూ 'కొగి'. మొదటి అచ్చుకు పెదాలు గుండ్రంగా చుడితే 'మాంసం', వదులుగా తెరిచి ఒ అంటే 'అక్కడ'. ఉ పలుకుతూ నవ్వినట్టు పెదాలను పక్కలకు లాగితే వచ్చే అచ్చు ఇంకొకటుంది, దానికి మన లిపిలో గుర్తే లేదు. నోటుబుక్కులో అది మామూలు ఉ అయిపోతుంది.

దీనికన్నా పెద్ద చిక్కు త వరసలో ఉంది. చంద్రుడు, కూతురు, ముసుగు: వీటి కొరియన్ మాటలు మూడూ తెలుగు చెవికి 'తల్' లాగే వినబడతాయి. ముసుగులో ఊపిరి ఎక్కువ, చంద్రుడిలో కొద్దిగా, కూతురిలో గొంతు బిగించి అసలు లేకుండా. మాట్లాడేటప్పుడు మనం ధనాన్ని కూడా దనం అనేవాళ్ళమే కాబట్టి ఊపిరి తేడాను చెవి పట్టదు. మందు సులువే: నోటికి జానెడు దూరంలో పల్చటి కాగితం ముక్క పట్టుకొని మూడూ పలకాలి. ముసుగుకు కాగితం ఎగరాలి, చంద్రుడికి కదిలీ కదలనట్టుండాలి, కూతురికి కదలకూడదు. పైగా ఇప్పటి సియోల్ మాటతీరులో చంద్రుడిని కింది స్వరంలో ఎత్తుకుంటారు, మిగతా రెండింటిని పైస్వరంలో. క్లాసులో ఈ స్వరం సంగతి ఎత్తరు. ఆడియో వినిపించే చిన్న స్పీకరు ఫ్యాను కిందే ఉంటుంది. ఆ హోరులో ఊపిరి తేడాలు ఎవరికీ వినబడవు. వెనక బెంచీలో కూర్చుంటే ఫీజు దండగ.

పదం చివరి హల్లు ఇంకో గండం. అన్నాన్ని 'పప్' అంటారు. చివర పెదాలు మూసి, వదలకుండా ఆపేయాలి. మన నోరు ఊరుకోదు, ఉకారం తగిలించి పప్పు చేస్తుంది. బస్సుకు కొరియన్లూ చివర అచ్చు తగిలిస్తారు గానీ, అది వాళ్ళు అరువు మాటలకు చేసే పని, సొంత మాటలకు కాదు.

తెలుగును వాడాల్సిన చోట వాడకపోవడం ఈ క్లాసు అసలు లోపం. నోట్సంతా ఇంగ్లీషు పుస్తకం నుంచి దించింది. 'హన్‌గుక్' పక్కన 'మల్' చేరితే కొరియా భాష. పలికేటప్పుడు అది 'హన్‌గుఙ్మల్' అవుతుంది. దీనికి నోట్సులో ఒక పేజీ నిండా పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటారు. వాక్ పక్కన మయం చేరి వాఙ్మయం కావడం బళ్ళో అనునాసిక సంధి కింద అందరూ చదివిందే. ఒక్క మాట చెప్తే పట్టిక అక్కర్లేదు.

వ్యాకరణంలోనూ అంతే. కర్త, కర్మ, చివర క్రియ, నామవాచకం వెనక విభక్తి, అంతా మన వరసే. 'మొగొ పొసెయొ' అంటే మాటకు మాట 'తిని చూడండి'. (తెలుగు లిపిలో రాయొద్దని చెప్పి ఇక్కడ రాయక తప్పడం లేదు.) చేసిపెట్టు అన్నట్టు చేసి ఇవ్వు అనడం, తినేశాను అన్నట్టు తిని పారేశాను అనడం వాళ్ళకూ ఉంది. ఇంగ్లీషు మీదుగా చెప్తే మూడు పాఠాలు పట్టేది తెలుగులో అరగంట పని. ఈ పోలికలు చూసే 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియన్‌కూ ద్రావిడ భాషలకూ చుట్టరికం ఉందన్నాడు. ఇవాళ భాషావేత్తలు ఒప్పుకోరు. చుట్టరికం లేకున్నా పోలిక పనికొస్తుంది.

పోలిక దెబ్బతీసే చోట్లు కూడా చెప్పాలి కదా, అదీ లేదు. 'ఇంట్లో ఉన్నాను', 'ఇంట్లో తిన్నాను' రెండింటికీ మనకు ఒకటే లో. వాళ్ళు ఉండడానికి 'ఎ' వాడతారు, పని చేయడానికి 'ఎసొ'. తెలుగువాళ్ళు ఇక్కడ తప్పు చేయడం సులువు. గంటలకు దేశీ అంకెలు, నిమిషాలకు చైనా నుంచి వచ్చిన అంకెలు అనేది ఇంకొకటి. దీనికి మాత్రం బాగానే సాధన చేయిస్తారు, గోడ గడియారం తిప్పి మరీ.

మర్యాదల పాఠం రెండే రోజుల్లో ముగించేస్తారు. ఆఫీసుల్లో పని చేయాలనుకునేవాళ్ళకు ముఖ్యమైంది ఇదే. కొరియన్‌లో గౌరవం రెండు దిక్కుల నడుస్తుంది: ఎవరి గురించి చెప్తున్నామో వాళ్ళకొకటి, ఎవరితో చెప్తున్నామో వాళ్ళకొకటి. 'తాత వచ్చినారురా' అన్నప్పుడు గౌరవం తాతకు, చనువు వినేవాడికి. 'తమ్ముడు వచ్చినాడండీ' అన్నప్పుడు తిరగబడుతుంది. ఈ రెండు వాక్యాలు బోర్డు మీద రాస్తే సగం పాఠం అయిపోయినట్టే. దానికి బదులు క్లాసులో 'మీరు'కు 'తంగ్‌షిన్' అని నేర్పి వదిలేశారు. పైఅధికారిని అట్లా పిలిస్తే ఆయన ముఖం మాడుతుంది. హోదా పేరు చివర 'నిమ్' చేర్చాలి, మన గారు లాగా. విభాగం పెద్దయితే 'పుజాంగ్‌నిమ్'.

ఇక పరీక్ష. మొదటి మెట్టు టోపిక్‌లో వినడానికి 30 ప్రశ్నలు, 40 నిమిషాలు, చదవడానికి 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. మొత్తం 200 మార్కులు, 80 వస్తే మొదటి లెవల్, 140 వస్తే రెండోది. అన్నీ జవాబు ఎంచుకునేవే, రాయడం లేదు, మాట్లాడడం లేదు. నాలుగో నెల నుంచి క్లాసంటే ఈ బిట్లు దిద్దడమే. ఆ బిట్లు పాత ప్రశ్నపత్రాలవి. అవి ఆడియోతో సహా టోపిక్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఇక్కడ జిరాక్స్‌కు వేరే డబ్బు. మూడో హామీ ఉద్యోగం సంగతికి వస్తే, రెండో లెవల్ సర్టిఫికెట్‌తో దుబాసీ పని అడగడం తొందరపాటు, ఆ చెల్లుబాటు కూడా రెండేళ్ళే.

ఆఖరి నెల శనివారాల్లో సంస్కృతి-రాజకీయాలు. కిమ్చీ, హన్‌బోక్ (వాళ్ళ సంప్రదాయ దుస్తులు), సీరియళ్ళు, కష్టపడి పైకొచ్చిన దేశం అన్న ఉపన్యాసం, అంతటితో సరి. రాజనీతి శాస్త్రం చదివే పిల్లలకు కావలసింది వేరే. 1945లో దేశం 38వ అక్షాంశం దగ్గర ఎందుకు చీలింది, 1953 జులై 27న జరిగింది శాంతి ఒప్పందం కాదు, యుద్ధ విరమణ మాత్రమే అన్న తేడా ఏమిటి, ఆ యుద్ధ ఖైదీల అప్పగింత సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించడం, 1980లో గ్వాంగ్జూ నగరంలో సైనిక పాలన మీద జనం తిరగబడడం, 1987లో జనం వీధుల్లోకి వచ్చి అధ్యక్షుడిని నేరుగా ఎన్నుకునే హక్కు సాధించుకోవడం. 2024 డిసెంబర్ 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సొక్ యోల్ సైనిక పాలన ప్రకటిస్తే కొన్ని గంటల్లోనే పార్లమెంటు ఓటేసి తిప్పికొట్టడం, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ను తొలగించడం కూడా నోట్సులో లేవు. నోట్సు అంతకుముందుది అనుకుందాం, మరి 1987 మాటేమిటి?

ఇంటర్ చదువుతున్నవాళ్ళు ఆసియా భాషలూ సమాజాలే డిగ్రీగా చదవాలనుకుంటే ఈ క్లాసు దానికి బదులు కాదు. ఢిల్లీ జేఎన్‌యూలో కొరియన్, జపనీస్, చైనీస్ విడివిడిగా బీఏ ఆనర్స్ ఉన్నాయి, భాష మొదటి అక్షరం నుంచే నేర్పుతారు, సీట్లు సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా. ఇక్కడి మూడు నెలలు దానికి ముందు చెవిని సిద్ధం చేసుకోవడానికి పనికొస్తాయి, అంతే.

డెమో క్లాసుకు పోతే టీచర్ చేత చంద్రుడు, కూతురు, ముసుగు వరస మార్చి పలికించుకొని, వెనక్కి తిరిగి నిలబడి వినండి. మూడూ వేరుగా వినబడితే చేరండి, బోర్డు పక్క బెంచీ పట్టుకోండి. ఫీజు రెండు విడతల్లో తీసుకుంటారు, కానీ అడిగితేనే చెప్తారు.