గ్రీజు కింద నంబర్

షికాగో నుంచి ఆరు గంటల డ్రైవ్ బాగానే సాగింది. గుర్తుండిపోయింది మాత్రం మోటెల్ తువాలు.

ఒహాయోలో లెగ్జింగ్టన్ దగ్గర మిడ్-ఒహాయో రేస్ ట్రాక్ ఉంది. అక్కడ జులైలో ఏఎంఏ (అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్) వింటేజ్ మోటార్‌సైకిల్ డేస్ జరుగుతాయి. పాత బండ్ల రేసులు చూడ్డానికి వచ్చేవాళ్లు చాలామంది. నేనూ మా బావమరిది శ్రీనూ వెళ్లింది మాత్రం స్వాప్ మీట్ కోసం, అంటే పాత బండ్లు, విడిభాగాల సంత. ఎటు చూసినా పాత బండ్లు, ట్యాంకులు, తుప్పు పట్టిన సైలెన్సర్లు. పెళ్లివారింట్లో పిల్లాడిలా తిరిగాను.

నాకు కావలసింది యమహా డీటీ-1. 1968 మోడల్‌గా వచ్చిన 250 సీసీ టూ-స్ట్రోక్ అది. రోడ్డు మీదా నడుస్తుంది, మట్టిలోనూ పరిగెడుతుంది. మొదటి రోజు మధ్యాహ్నానికే ఒకటి కనిపించింది. ఫ్రేమ్ నంబర్ స్టీరింగ్ హెడ్ మీద డీటీ1 అనే మొదలైంది. బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం మీదా అదే నంబర్. "ఒరిజినల్ 68" అన్నాడు అమ్మేవాడు. 2,600 చెప్పాడు, 2,300 డాలర్లకి దిగాడు. "రేపు చూద్దాం బావా" అని శ్రీను రెండుసార్లు అన్నాడు. నేను అప్పటికే డబ్బు లెక్కపెడుతున్నాను.

ఆ రాత్రి మోటెల్. గదికి 189 డాలర్లు, రెండు రాత్రులు ముందే కట్టించుకున్నారు. ఏసీ మోత వింటే సైలెన్సర్ ఊడిన బండి పక్కన పడుకున్నట్టుంది. దాని నీళ్లు కారి కార్పెట్ నానిపోయింది. కౌంటర్లో అడిగితే, "ఈ వారం ఇంకెక్కడైనా గది దొరికితే వెళ్లండి" అని ఫోన్ చూసుకుంటూ చెప్పాడు. దొరకదని వాడికి తెలుసు. ఖాళీ చేసేటప్పుడు తువాలుకి గ్రీజు అంటిందని 40 డాలర్లు వేశాడు. అంటింది నిజమే, కాదనను. కానీ ఆ తువాలు కొత్తది కొన్నా పది డాలర్లు ఉండదు! ట్రాక్ దగ్గరే క్యాంపింగ్ ఉంది. టెంట్ వేసుకోండి, ఈ బాధ ఉండదు.

రెండో రోజు పొద్దున ఇంజన్ అతుకుల్లో లీకవకుండా పెట్టే గ్యాస్కెట్ల కోసం ఒక పెద్దాయన దగ్గర ఆగాం. డెబ్బై దాటి ఉంటాయి. ట్రైలర్ మీదున్న బండిని దూరం నుంచే చూసి, "ఇంజన్ నంబర్ చూశావా?" అన్నాడు. చూడలేదు. అక్కడంతా గ్రీజు గడ్డకట్టి ఉంది, పాత బండికి అదే అందం అనుకున్నాను. ఆయన కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్యనున్న దిమ్మ మీద వేలు పెట్టాడు. రీడ్ వాల్వ్, అంటే లోపలికెళ్లిన గాలి-పెట్రోలు వెనక్కి రాకుండా ఆపే రేకుల కవాటం. డీటీ-1లో అది ఉండదు, 1972లో డీటీ-2తో వచ్చింది. గుడ్డతో తుడిస్తే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) మీద డీటీ2 అని బయటపడింది. ఫ్రేమ్ ఒక బండిది, ఇంజన్ ఇంకో బండిది. రెండు నంబర్లూ కలిసిన మొదటి ఏడాది బండికి ఉండే విలువ దీనికి లేదు.

అమ్మినవాడి దగ్గరకి పరుగెత్తాం. "ఉన్నది ఉన్నట్టు అమ్మాను" అని గంటసేపు అదే పాట పాడి, చివరికి 150 తిరిగిచ్చాడు. శ్రీను ఒక్క మాటా అనలేదు. "నేను చెప్పానా" అన్నా కాస్త తేలికపడేవాణ్ణి.

ఆ పెద్దాయన మాత్రం బంగారం. గ్యాస్కెట్ సెట్, రెండు క్రాంక్ సీళ్లు (ఇంజన్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు రింగులు) కలిపి 45 తీసుకున్నాడు. ఏళ్ల తరబడి పక్కన పడేసిన బండిలో సీళ్లు గట్టిపడిపోతాయట. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగి తెల్ల పొగ వదులుతుంది. మ్యాగ్నెటో (కరెంటు పుట్టించే భాగం) వైపుది పోతే గాలి పీల్చి పిస్టన్ పట్టేస్తుంది. ముందు అవి మార్చకుండా కిక్ కొట్టొద్దన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: ఆ జపాన్ స్క్రూలు చూడ్డానికి ఫిలిప్స్‌లా ఉంటాయి గానీ కావు, మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) బిట్ పెట్టి, ఇంపాక్ట్ డ్రైవర్‌ని సుత్తితో కొట్టి విప్పాలి. పన్నెండు డాలర్లకి ఆ బిట్లు కూడా ఆయన దగ్గరే కొన్నాను.

సెప్టెంబర్లో ఇంజన్ స్టార్ట్ అయింది. డీటీ-1 ఇంజన్ కోసం ఇంకా వెతుకుతున్నాను. వచ్చే జులైకి శ్రీను నన్ను అడక్కుండానే టెంట్ కొన్నాడు, 89 డాలర్లు. దాంతోపాటు ఒక టార్చ్‌లైటు, గుడ్డముక్కల కట్ట.