ఎక్స్5000: పేరు అమిగాదే, మరి అమిగా ఏది?

1980లలో కొమడోర్ కంపెనీ తెచ్చిన అమిగా ఇంటి కంప్యూటర్ల పేరు మోసుకుని, ఆ కంపెనీ పోయాక వచ్చిన కంప్యూటర్ అమిగావన్ ఎక్స్5000. దాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. అభిమానంతో కొన్నాను, ఆ అభిమానం ఇంకా పోలేదు. అయినా కొనమంటారా అని ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను.

ముందు మంచి చెప్పుకోవాలి. దీని ఆపరేటింగ్ సిస్టమ్ అమిగాఓఎస్ 4.1 చేతికి భలే చురుగ్గా ఉంటుంది. కుడి బటన్ నొక్కీ నొక్కగానే మెనూ ప్రత్యక్షం. మనల్ని అడక్కుండా అప్‌డేట్లు దిగడం లాంటి గొడవలుండవు. పనయ్యాక కరెంటు ఆపేస్తే చాలు (డిస్కులో రాయడం పూర్తయ్యాక సుమా!). ర్యామ్ డిస్కు (మెమరీలో కొంత భాగాన్నే డిస్కులా వాడుకోవడం) ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది. దించుకున్న ఫైళ్లను అందులో విప్పి చూస్తాను, నచ్చకపోతే అలాగే వదిలేస్తాను. రీబూట్ చేస్తే అన్నీ మాయం.

ఇక ప్రాసెసర్ సంగతి. ఇందులోని పీ5020 చిప్‌లో రెండు కోర్లున్నాయి, 64 బిట్లది, వేగం 2 గిగాహెర్ట్జ్. ఓఎస్ మాత్రం 32 బిట్లది, పైగా ఒక్క కోర్‌నే వాడుకుంటుంది. జోడెడ్ల బండికి ఒక్క ఎద్దునే కట్టి తోలినట్టు. బ్రౌజర్ ఒడిస్సీ పాతబడింది, నేటి సైట్లు చాలావాటికి అది చాలదు. ఓఎస్‌కి యూనికోడ్ అందలేదు కాబట్టి ఫైలుకి తెలుగు పేరు పెట్టుకునే యోగం కూడా లేదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. 1987 నాటి అమిగా 500లో 68000 ప్రాసెసర్ వేగం సుమారు 7 మెగాహెర్ట్జే. గొప్పతనమంతా ఆగ్నస్, డెనీస్, పౌలా అనే, బొమ్మలూ ధ్వనీ చూసుకునే ప్రత్యేక చిప్‌లది. ఆనాటి ఆటలు ఎక్కువగా వాటితోనే నేరుగా మాట్లాడేవి. ఎక్స్5000లో ఆ మూడూ లేవు. అందుకని పాత ఆటలు ఆడాలంటే యూఏఈ ఎమ్యులేటరే (పాత అమిగాని అనుకరించే సాఫ్ట్‌వేర్) గతి. అదే ఎమ్యులేటర్ ఏ మామూలు పీసీలోనైనా ఇంతకంటే హాయిగా నడుస్తుంది, అదీ ఈ బోర్డు ధరలో చిన్న వంతుకే. అమిగా అని కొన్న యంత్రంలో అమిగా ఆటలకు పరాయి యంత్రంలో పట్టే తిప్పలే పడుతుంటే ఒళ్లు మండదా?

1994లో కొమడోర్ దివాళా తీశాక జరిగిందంతా ఇలాంటిదే. 1995లో జర్మనీకి చెందిన ఎస్కామ్ కొన్నది, మరుసటేడు తానే మునిగింది. 1997లో అమెరికా పీసీ కంపెనీ గేట్‌వే చేతికొచ్చింది. కొత్త యంత్రం తెస్తామని ఊరించి 1999లో విరమించుకున్నారు. ఆపైన అమిగా హక్కులు తీసుకున్న అమిగా ఇంక్, అమిగాఓఎస్ 4 తయారుచేసిన హైపెరియన్ కోర్టుకెక్కాయి. 2007లో మొదలైన ఆ కేసు రాజీ అయ్యేసరికి 2009 వచ్చింది. ఇక దీని ముందు మోడల్ ఎక్స్1000 చిప్ తయారుచేసిన పీఏ సెమీని 2008లో యాపిల్ కొనేసింది. తర్వాత వచ్చిన ఈ ఎక్స్5000 చిప్‌లో ఆల్టివెక్ (ఒకేసారి చాలా అంకెల మీద లెక్కలు చేసే విభాగం) లేదు. అంటే వీడియో, సౌండ్ పనుల్లో పాత మోడల్‌కున్న సదుపాయం కొత్తదానికి లేకుండా పోయింది! హక్కుల కోసం పడ్డ పాట్లలో సగం ఆ చిప్‌లకు వారసుల్ని చేయడం మీద పడి ఉంటే కథ వేరేగా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఈ మధ్య నా సాయంత్రాలు పాత అమిగా 500తోనే గడుస్తున్నాయి. 68000 తీసి ఆ సాకెట్లో పైస్టార్మ్ పెట్టాను. దాని మీద ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే బుల్లి కంప్యూటర్ కూర్చుని ప్రాసెసర్ పని చేస్తుంది, అసలు చిప్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఔత్సాహికులు చేసిన ఈ చిన్న బోర్డు నాకు ఎక్స్5000 కంటే ఎక్కువ అమిగాలా అనిపిస్తోంది.

ఇంత చెప్పినా ఎక్స్5000 కొనే తీరతానంటే, గ్రాఫిక్స్ కార్డు విషయంలో తొందరపడకండి. రేడియాన్ రకం కార్డులలో అన్నిటికీ డ్రైవర్లు లేవు, మోడల్ నంబరు సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి.