టర్బైన్ బ్లేడుకు ఏ పూత మేలు: అల్యూమినైడా, ఎమ్‌క్రాలీయా?

గ్యాస్ టర్బైన్ మొదటి వరుసలోని బ్లేడు 1000 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిలో వేల గంటలు తిరగాలి. బ్లేడును తయారుచేసే నికెల్ సూపర్ అల్లాయ్‌లకు (నికెల్ ప్రధానంగా ఉన్న మిశ్రమలోహాలకు) ఆ వేడిలోనూ బలం నిలుస్తుంది గాని, ఆ బలాన్ని పెంచే క్రమంలో వాటిలో క్రోమియాన్ని తగ్గిస్తూ రావడం వల్ల ఆక్సీకరణకు, తుప్పుకు అవి సులువుగా లొంగుతాయి. అందుకే పూత అవసరమవుతుంది. తనలోని అల్యూమినియాన్ని ఖర్చుచేసి నెమ్మదిగా పెరిగే పలుచని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొరను పైన నిలపడం, అది పెచ్చులూడినప్పుడల్లా మళ్లీ కట్టడం దాని పని.

అల్యూమినైడ్ పద్ధతిలో బ్లేడును అల్యూమినియం, అల్యూమినా పొడులూ అమ్మోనియం క్లోరైడూ కలిపిన మిశ్రమంలో పాతిపెట్టి వేడిచేస్తారు. క్లోరైడు ఆవిరి మోసుకొచ్చిన అల్యూమినియం బ్లేడులోని నికెల్‌తో కలిసి నికెల్ అల్యూమినైడ్‌గా మారుతుంది. ముందుగా కొన్ని మైక్రాన్ల ప్లాటినాన్ని ఎలక్ట్రోప్లేటింగ్ చేస్తే అల్యూమినా పొర మరింత గట్టిగా అంటుకుంటుంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్. పరిశోధకులు ఈ ప్లాటినం అల్యూమినైడ్‌పై లోతుగా పనిచేశారు. ఆవిరి పద్ధతిలో చేస్తే చల్లగాలి పోయే లోపలి సన్నని దారులకు కూడా ఈ పూత పడుతుంది. నా దృష్టిలో దీని అసలు బలం అదే. అయితే దీని కూర్పు కింది లోహాన్ని బట్టే ఏర్పడుతుంది, పైగా తక్కువ వేడిలో పెళుసుగా ఉండి చీలుతుంది.

ఎమ్‌క్రాలీ అంటే నికెల్ లేదా కోబాల్ట్ (లేక రెండూ), క్రోమియం, అల్యూమినియం, యిట్రియం కలిసిన లోహపు పూత. దీన్ని ప్లాస్మాతోనో, అతివేగపు జ్వాలతోనో చిమ్ముతారు కాబట్టి కూర్పు మన చేతిలో ఉంటుంది. కొద్దిపాటి యిట్రియం గంధకాన్ని పట్టి ఉంచి, అల్యూమినా ఊడిపోకుండా చూస్తుంది. కానీ చిమ్మిన పూత ఎదురుగా కనిపించే చోటనే పడుతుంది. సాధారణంగా 100 మైక్రాన్లు దాటే మందం వల్ల బరువూ పెరుగుతుంది.

ఎంపికకు ముందు ఉష్ణోగ్రతతో పాటు గాలిలో, ఇంధనంలో ఏముందో అడగాలి. సముద్రపు ఉప్పూ ఇంధనంలోని గంధకమూ కలిస్తే ఏర్పడే సోడియం సల్ఫేటు 884 డిగ్రీల వద్ద కరిగి రక్షక పొరనే కరిగిస్తుంది. కోబాల్ట్ సల్ఫేటు తోడైతే 700 డిగ్రీల దగ్గర కూడా ఆ దాడి సాగుతుంది. అక్కడ అల్యూమినియం ఒక్కటే చాలదు, క్రోమియం బాగా ఉండాలి. కాబట్టి తీరప్రాంత విద్యుత్ కేంద్రాలకు, ఓడల ఇంజిన్లకు క్రోమియం ఎక్కువగా ఉన్న ఎమ్‌క్రాలీని ఎంచుకోవడమే సరి. పలుచని గోడలున్న విమాన ఇంజిన్ బ్లేడుకు మాత్రం నేను ప్లాటినం అల్యూమినైడ్‌నే ఎంచుతాను.

పైన తెల్లని జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) పూత ఉంటే ఇవేవీ అక్కర్లేదని అనుకోవడం పొరపాటు. అది వేడిని ఆపుతుందే గాని ఆక్సిజన్‌ను ఆపదు. దాని కింద ఈ రెండింటిలో ఏదో ఒకటి ఉండి తీరాలి.