"అడవి రక్తం ఉన్న పిల్లి" అంటే డబ్బు తీయకండి: బెంగళూరులో మాకు జరిగింది

బెంగాల్ పిల్లిని కొందామనుకుంటున్న బెంగళూరు తెలుగువాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మాకు 55 వేలు పోయాయి, ఆసుపత్రికి ఇంకో 23 వేలు అయ్యాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, అరచేతిలో పట్టేంత ప్రాణి పదకొండు రోజులు మా కళ్ళ ముందే చావుబతుకుల్లో ఉంది.

మేముండేది మారతహళ్ళి దగ్గర, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మా పాపకి పదేళ్ళు. చిరుతపులి మచ్చల పిల్లిని ఎక్కడో వీడియోలో చూసింది, ఇక అదే పట్టు. ఆన్‌లైన్‌లో ఒకతను దొరికాడు. ఫోన్ చేస్తే కన్నడలో మొదలుపెట్టి, నా యాస వినగానే తెలుగులోకి దిగిపోయాడు. "అక్కా, మాది కర్నూలే. మనవాళ్ళకి అబద్ధం చెప్తానా?" అన్నాడు. నేను సగం అక్కడే నమ్మేశాను. పరాయి ఊళ్ళో మన భాష వినిపిస్తే మనసు మెత్తబడుతుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

ఇంకో రెండు మాటలు చెప్పాడు. "ఇది మామూలు బెంగాల్ కాదక్కా, ఎఫ్-2. అడవి రక్తం ఎక్కువ, అందుకే ఈ రేటు." తర్వాత, "మగపిల్ల. పెద్దయ్యాక క్రాసింగుకి ఇస్తే ఏడాదిలో మీ డబ్బు మీకు వచ్చేస్తుంది." ఈ రెండూ కలిపి చెప్పాడంటేనే మోసం. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

లెపర్డ్ క్యాట్ అని ఒక చిన్న అడవి పిల్లి ఉంది. మన పడమటి కనుమల్లోనూ తిరుగుతుంది. దాన్ని పెంపుడు పిల్లితో కలిపి తయారుచేసిందే బెంగాల్ జాతి. అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ 1960ల్లోనే ఆ ప్రయత్నం చేసి, 1980ల్లో జాతిని నిలబెట్టారు. అడవి పిల్లికి నేరుగా పుట్టింది ఎఫ్-1, దాని పిల్ల ఎఫ్-2, దాని పిల్ల ఎఫ్-3. ఈ తొలి మూడు తరాల్లో మగవాటికి సాధారణంగా పిల్లలు పుట్టవు. అంటే ఎఫ్-2 మగపిల్లని క్రాసింగుకి ఇచ్చి డబ్బు చేసుకోవడమన్నది దాదాపు జరగని పని. పిల్లుల జాతుల్ని, వంశాల్ని నమోదు చేసే సంస్థలు (రిజిస్ట్రీలు) కూడా అడవి పిల్లికి కనీసం నాలుగు తరాలు దూరమైన బెంగాల్‌నే పోటీలకి రానిస్తాయి. ఇంట్లో పెంచుకోవడానికి పనికొచ్చేది ఆ దూరపు తరాల పిల్లే. ఇతను మాత్రం అడవి రక్తం ఎక్కువంటూ రేటు పెంచాడు, మేము ఇచ్చాం.

ఇంటికొచ్చి తల్లిపిల్లిని చూస్తామంటే "ఇంట్లో అమ్మకి బాగాలేదక్కా" అన్నాడు. సిల్క్ బోర్డు దగ్గర సర్వీస్ రోడ్డులో కలిశాడు, హెల్మెట్ తీయలేదు. పదివేలు ముందే యూపీఐలో వేశాం, మిగతా 45 వేలు నగదే కావాలన్నాడు. పెన్నుతో చిల్లులు పొడిచిన అట్టపెట్టె ఒకటి, టీకాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టి రెండు నిమిషాల్లో వెళ్ళిపోయాడు.

ఇంట్లో మూత తీయగానే గుప్పుమని వాసన. విరేచనాలు ఎండిపోయి తోక వెనకకాలికి అంటుకుపోయి ఉంది. లోపలి రెప్ప సగం కంటిని కప్పేసింది. అరవడానికి నోరు తెరుస్తోంది, గొంతు రావడం లేదు. మా పాప ఏడుపు ఆపలేకపోయాం.

ఆ రాత్రే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన నోరు తెరిచి పళ్ళు చూసి, "మూడు నెలలని చెప్పారా? ఏడు వారాలు కూడా దాటినట్టు లేదు" అన్నారు. టీకాల పుస్తకం చూపించాం. రెండు డోసులు వేసినట్టు రెండు తేదీలున్నాయి, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. టీకా సీసా మీద ఉండే స్టిక్కరు లేదు, డాక్టరు ముద్ర లేదు. మొదటి డోసే దాదాపు ఎనిమిది వారాలకి వేస్తారట, ఏడు వారాల పిల్లకి రెండో డోసు ఎక్కడిది? 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలలోపు పిల్లి పిల్లని అమ్మనే కూడదని కూడా ఆయనే చెప్పారు.

డ్రిప్ పెట్టడానికి ముందుకాలి మీద బొచ్చు గొరిగారు. కాలు నా చిటికెన వేలంత లేదు. ఇరుకు గదిలో ఎక్కువ పిల్లుల్ని కుక్కి పెంచే చోట పట్టుకునే పేగుల ఇన్‌ఫెక్షన్ అన్నారు. రెండు గంటలకోసారి సిరంజితో తిండి. మా పాప వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టి, చల్లారగానే మార్చేది. పన్నెండో రోజు తనంతట తానే లేచి నీళ్ళు తాగింది.

ఇప్పుడు దానికి ఏడాది దాటింది, మా దగ్గరే ఉంది. బతికింది కదా, ఇక అంతా బాగుంటుందనుకున్నాం. ఎనిమిదో నెలలో తలుపులకీ, సోఫాకీ, మడతపెట్టిన బట్టలకీ మూత్రం చిమ్మడం మొదలుపెట్టింది. బీరువా మీద నుంచి ఫ్యాను మీదికి దూకబోయింది. అనంతపురం నుంచి వచ్చిన మా అత్తగారు దేవుడి దగ్గర దీపం వెలిగించి కాపలా కూర్చోవాల్సి వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గింది. అయినా రోజుకి రెండుసార్లు అలిసిపోయేదాకా ఆడించకపోతే తెల్లవారుజామున మూడింటికి ఇల్లంతా అరుపులే. ఇందులో దాని తప్పు లేదు. కాగితాలన్నీ ఉన్న అసలైన బెంగాల్ కూడా ఇంత చురుగ్గానే ఉంటుంది. ఇద్దరూ ఆఫీసుకి పోయి తాళం వేసే ఇంట్లో దాన్ని పెట్టడం అన్యాయం.

ఇది నిజంగా బెంగాలేనా? కాగితాలు లేకుండా చూసి చెప్పలేమన్నారు డాక్టరు. మచ్చలున్న నాటు పిల్లి కూడా అయ్యుండొచ్చు. అయితే నన్ను భయపెట్టింది రెండో సంగతి. అతను చెప్పిందే నిజమైతే? లెపర్డ్ క్యాట్ మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, పులితో సమానంగా. దాన్ని పట్టినా, అమ్మినా, కొన్నా మూడు నుంచి ఏడేళ్ళ జైలు. ఎఫ్-2 కావాలంటే దాని తాతో అమ్మమ్మో ఆ అడవి పిల్లి కావాలి కదా, దాన్ని ఎక్కడి నుంచి తెచ్చినట్టు? అతను అబద్ధం చెప్పి ఉంటే డబ్బు పోయింది, నిజం చెప్పి ఉంటే అడవి జంతువుల దొంగ వ్యాపారానికి మన చేత్తో డబ్బిచ్చినట్టు. నాలుగు లక్షలకి సవానా అనే ఇంకో జాతి పిల్లి కూడా ఉందన్నాడు. దాని మూలం సర్వల్ అనే ఆఫ్రికా అడవి పిల్లి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో జంతువుల్ని తెస్తూ మన ఎయిర్‌పోర్టులో పట్టుబడిన వార్తలు చూస్తూనే ఉన్నాం కదా.

కొనాలనే ఉంటే పిల్ల పుట్టిన ఇంటికి వెళ్ళి తల్లిని చూడండి. చూపించనంటే అక్కడితో వదిలేయండి. వంశావళి కాగితం మీద నంబరుంటే ఆ రిజిస్ట్రీకి మీరే రాసి కనుక్కోండి. బెంగాల్‌లో పీకే డెఫిషియెన్సీ అని రక్తహీనత తెచ్చే వంశపారంపర్య జబ్బు ఉంది, తల్లిదండ్రులకి డీఎన్ఏ పరీక్ష చేయించారా అని అడగండి. గుండె కండరం మందమయ్యే జబ్బు కూడా ఈ జాతిలో ఉంది, దానికి స్కాన్ రిపోర్టు అడగాలి. నగదు మాత్రం ఇవ్వకండి. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ ఫిర్యాదు చేశాను. పదివేలకి ఆధారం ఉంది, అది కూడా వేరెవరి పేరు మీదో ఉన్న ఖాతా. రోడ్డు మీద ఇచ్చిన 45 వేలకి ఏ ఆధారమూ లేదు.

అతను నా నంబరు బ్లాక్ చేశాడు. పోయిన ఆదివారం మా ఆయన ఫోన్లో వేరే పేరుతో ఒక ప్రకటన కనిపించింది. మాకు పంపిన ఫోటోలే: పచ్చ ప్లాస్టిక్ చాప, వెనక నీలం రంగు కిటికీ గ్రిల్లు, చాప అంచున విరిగిన ఉక్కు గిన్నె. ఈసారి ఎఫ్-1 అంటున్నాడు, 90 వేలట. ఆ చాప, ఆ గ్రిల్లు కనిపిస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి.